రెప్పపాటులో గడ్డకట్టే లోహం

లోహాన్ని త్రీడీ ప్రింటింగ్ చేసేటప్పుడు లేజర్ కిరణం లోహపు పొడి మీద సెకనుకు దాదాపు మీటరు వేగంతో పరుగెడుతుంది. తాకినచోట పొడి కరుగుతుంది, కిరణం దాటిపోగానే గడ్డకడుతుంది. చల్లబడే వేగం సెకనుకు పది లక్షల డిగ్రీల దాకా ఉండొచ్చు. అక్కడ అంత వేడి ఉందని కాదు. వెయ్యి డిగ్రీలు దిగడానికి సెకనులో వెయ్యో వంతు చాలని అర్థం.

గడ్డకట్టే లోహం చదునుగా ముందుకు జరగదు, చెట్టులా కొమ్మలేస్తుంది. ఆ రూపం పేరు డెండ్రైట్. రష్యా లోహశాస్త్రవేత్త చెర్నోవ్ దగ్గర 39 సెంటీమీటర్ల డెండ్రైట్ ఉండేది. పెద్ద ఉక్కు దిమ్మ తీరిగ్గా చల్లారితే పుట్టింది మరి! ప్రింటర్‌లో కొమ్మకూ కొమ్మకూ మధ్య ఎడం మైక్రాను అటూ ఇటూ.

డమాస్కస్ కత్తుల మీది అలల గీతల గుట్టూ ఈ కొమ్మల్లోనే ఉందని 1998లో అమెరికా శాస్త్రవేత్త వెర్హోవెన్ బృందం చెప్పింది. మూసలో ఉక్కు గడ్డకడుతున్నప్పుడు వనేడియం వంటి మలినాలు కొమ్మల సందుల్లో చేరతాయి. కమ్మరి దిమ్మను కాల్చి సాగగొట్టాక ఆ దారుల వెంటే కార్బైడ్ రేణువులు బారులు తీరతాయి. అలాంటి ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన ఊళ్లలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి.

ఈ కొమ్మలను కంప్యూటర్‌లో పెంచడమే కొందరు పోస్ట్‌డాక్‌ల (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసేవాళ్ల) ఉద్యోగం. వాళ్లు ఎక్కువగా వాడేది ఫేజ్ ఫీల్డ్ పద్ధతి. ఇందులో ఘనానికి 1, ద్రవానికి 0. రెంటి నడుమ గీత గీయరు, సన్నటి మసక పొర ఉంచుతారు. దాంతో క్షణక్షణం వంకర్లు తిరిగే సరిహద్దును వెంటాడే బాధ తప్పుతుంది. జపాన్‌కు చెందిన కొబయాషి 1993లో ఇలా పెంచి చూపిన డెండ్రైట్లు ఇప్పటికీ కొత్తవాళ్లకు మొదటి పాఠం.

బాధ తప్పినా ఖర్చు తప్పదు. లెక్క కోసం లోహాన్ని చిన్నచిన్న గళ్లుగా విడగొడతారు. త్రీడీ లెక్కలో గడి వెడల్పు సగానికి తగ్గిస్తే గళ్లు 8 రెట్లవుతాయి. మామూలు పద్ధతిలో కాలాన్నీ నాలుగింతలు సన్నగా కోయాలి. మొత్తం పని 32 రెట్లు! 2011లో టోక్యో బృందం సుబామె 2.0 సూపర్ కంప్యూటర్ మీద డెండ్రైట్లను పెంచి, సూపర్ కంప్యూటింగ్‌కు ఇచ్చే గోర్డన్ బెల్ పురస్కారాల్లో ఒకటి అందుకుంది.

ఇంత శ్రమ దేనికంటే, లోహం పగలడం స్ఫటికాలు పెరిగే తీరును బట్టి ఉంటుంది. విమానాల్లో వాడే 7075 అల్యూమినియాన్ని ప్రింట్ చేస్తే పగుళ్లిస్తుంది. పొడవాటి స్ఫటికాల మధ్య ఇరుక్కున్న ఆఖరి ద్రవం, లోహం కుంచించుకునే వేళ చీలిపోతుంది. 2017లో కాలిఫోర్నియాలోని హెచ్‌ఆర్‌ఎల్ ల్యాబ్ పొడికి జిర్కోనియం నానో కణాలు అంటించింది. స్ఫటికాలు పొట్టిగా, గుంపులుగా మొలిచి పగుళ్లు పోయాయి.

సిమ్యులేషన్ చేసేవాళ్లకూ పరీక్షలున్నాయి. అమెరికాలోని నిస్ట్ సంస్థ 2018లో ఏఎం బెంచ్ పేరుతో పోటీ పెట్టింది. లోహాన్ని ప్రింట్ చేసి, కొలిచి, ఆ కొలతలు దాచిపెట్టింది. అందరి అంచనాలూ చేరాకే జవాబులు బయటపెట్టింది.