‘ఫేస్’ అను ఇంగ్లీషు క్రియ

మా విద్యార్థి యొకడు వ్యాసమునందు “ఐ ఫేస్డ్ టు ది తమిళ్ ఎగ్జామ్” అని వ్రాసెను. తమిళ పరీక్షయందు ఉత్తీర్ణుడనైతినని అతని భావమట. ఈ వాక్యమున తప్పులు రెండు.

‘ఫేస్’ అనగా ముఖము. అదియే క్రియయైనపుడు ముఖము త్రిప్పి నిలుచుటయని అర్థము. “ది హౌస్ ఫేసెస్ ఈస్ట్” అనగా ఇల్లు తూర్పుముఖముగా నున్నదని. ఇందు కష్టమును లేదు, శత్రువును లేడు. కష్టమువైపు మొగము పెట్టి నిలిచినపుడు అది ఎదుర్కొనుట యగును. గెలుపోటములను గూర్చి ఈ క్రియ యేమియు చెప్పదు. పరీక్షకు కూర్చున్నవాడెల్ల దానిని ‘ఫేస్’ చేసినవాడే, ఉత్తీర్ణత వేఱుమాట.

రెండవ తప్పు ‘టు’. ఈ క్రియకు కర్మ నేరుగా వచ్చును: “ఫేస్ ది ప్రాబ్లమ్”. కర్మణి ప్రయోగమున మాత్రము “వి ఆర్ ఫేస్డ్ విత్ ఎ ప్రాబ్లమ్” అని ‘విత్’ చేరును. “ఫేస్ అప్ టు” అనగా ఇష్టములేని సత్యమును ఒప్పుకొని దానికి సిద్ధపడుట. “కోప్ విత్” అనగా వచ్చిన కష్టమును సంబాళించుకొనుట.

మన ‘ఎదుర్కొను’ ఇంతకంటె విశాలమైనది. పెండ్లిలో ‘ఎదురుకోలు’ ఎఱుగనివారెవరు? మగపెండ్లివారికి ఎదురేగి స్వాగతమిచ్చు వేడుక యది. శత్రువునకును, అతిథికిని ఒకే క్రియ! తమిళమున ‘ఎదిర్‌కొళ్’ అను మాటకును ఈ రెండర్థములు కలవు. ఆంధ్రప్రదేశ్‌లో శిక్షణము పొందిన దినములలో మాకీ సంగతి తెలియదు. ఇచ్చటికి వచ్చిన పిదప విద్యార్థులే నేర్పిరి. ఇంగ్లీషున మాత్రము ఇంటికి వచ్చిన అతిథిని ‘ఫేస్’ చేసితిమనరాదు. అన్నచో అతిథి నొచ్చుకొనును.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చినది. ఆ యేట ఒకటవ తరగతిలో చేరినవారు 2016లో పదవ తరగతి పరీక్షకు వచ్చిరి. మినహాయింపులకై న్యాయస్థానములకును పోవలసి వచ్చెను. “మా పిల్ల ఆ పేపరు నెట్లు ఎదుర్కొనునయ్యా?” అని తిరువళ్ళూరు ప్రాంతపు తల్లులు మమ్ము అడుగుచుందురు. వారి ప్రశ్నకు ఇంగ్లీషున ‘ఫేస్’ చాలదు, ‘కోప్’ కావలెను. తెలుగు బడిలో చదువు బిడ్డకు పరీక్షకు కూర్చుండుట కష్టముకాదు. ఆ లిపిలో మూడుగంటలు వ్రాయుట కష్టము.

మొన్న ఒక తల్లి ఇట్లు అడుగుచుండగా, ప్రక్కనున్న కుమార్తె నల్లబల్లపై ‘ఎదిర్‌కొళ్’ అని తమిళమున వ్రాసి చూపెను. పెట్టవలసిన రెండు చుక్కలలో ఒకటి మఱచినది.