సీటు జారుతోందా? నట్టు బిగిస్తే చాలదు!

మీ అమ్మాయి సైకిలు మీద బడికి వెళ్తోందా? అయితే ఈ సాయంత్రం ఓసారి ఆ సీటు ముక్కు పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపి చూడండి. ఏమాత్రం కదిలినా ఊరుకోకండి.

మా చిన్నమ్మాయి తొమ్మిదో తరగతి. బడి మూడు కిలోమీటర్లు. దసరా సెలవులయ్యాక ఉన్నట్టుండి "సైకిలొద్దమ్మా, ఆటోలో వెళ్తా" అని పేచీ మొదలెట్టింది. బద్ధకమనుకుని నాలుగు చీవాట్లు పెట్టాను. వారం పోయాక గది తలుపు దగ్గరగా వేసి, కళ్లనీళ్లతో చెప్పింది. కూర్చోగానే సీటు ముక్కు పైకి లేస్తోందట, ఒరుసుకుపోయి ఒకటే మంటట. వాళ్ల నాన్నకు చెప్పుకోలేదు, షాపతనికి అసలే చెప్పలేదు. నేనేమో అడక్కుండానే తిట్టాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

నిజానికి ఆ సీటు అప్పటికే మూడుసార్లు షాపులో బిగించిందే! పానా పెట్టి ఒక తిప్పు తిప్పడం, డబ్బులు తీసుకోవడం. నాలుగు రోజులకు మళ్లీ మామూలే.

సీటు జారేది రెండు చోట్ల. సీటు పైపు ఫ్రేములోకి దిగిపోవడం ఒకటి. సీటు కింద క్లిప్పు దగ్గర ముక్కు లేవడమో వాలడమో రెండోది. ఏది జారుతోందో కనిపెట్టడానికి మీ నెయిల్ పాలిష్ చాలు. పైపు ఫ్రేములోకి దూరే చోట పైపు మీద ఒక గీత, క్లిప్పు మీద అడ్డంగా రెండు ముక్కలనూ కలుపుతూ ఒక గీత పెట్టండి. రెండు రోజులు తొక్కనిచ్చి చూడండి. పైపు మీది గీత లోపలికి పోతే పైపు జారుతున్నట్టు, క్లిప్పు మీది గీత విరిగితే తప్పు క్లిప్పుదే.

మాది క్లిప్పే. నట్లు విప్పి చూద్దును కదా, లోపల బిళ్లలకు చుట్టూ సన్నటి పళ్లున్నాయి. ఈ పళ్లు ఒకదాంట్లో ఒకటి కూర్చుంటేనే సీటు కదలదు. నట్టు వదులుగా ఉండగా తొక్కితే అవి ఒకదానిమీద ఒకటి దొర్లి అరిగిపోతాయి. అరిగాక ఎంత బిగించినా దండగే, క్లిప్పు మార్చాల్సిందే. సీటంతా మార్చక్కర్లేదు, క్లిప్పు విడిగా దొరుకుతుంది. పాతది చేత్తో పట్టుకెళ్లి అలాంటిదే అడగండి.

పళ్లు బాగానే ఉంటే పాత టూత్ బ్రష్షుతో సర్ఫు నీళ్లతో రుద్ది, ఆరబెట్టండి. జిడ్డుంటే పట్టు ఉండదు. బిగించేటప్పుడు సీటు మీద స్కేలు పెట్టి మట్టంగా ఉందో లేదో చూసుకుని, పళ్లు సరిగ్గా కూర్చున్నాక, అటు కాస్త ఇటు కాస్త రెండు నట్లూ బిగించాలి. ఒకవైపే బిగిస్తే బిళ్ల వంకరగా కూర్చుంటుంది. చాలా వాటికి 13 లేదా 14 నెంబరు పానా సరిపోతుంది.

ఇక పైపు సంగతి. బోల్టు పూర్తిగా బిగించినా, ఫ్రేము చీలిక అంచులు కలిసిపోయినా పైపు దిగుతోందంటే, ఆ పైపు ఫ్రేముకు సన్నమన్నమాట. సరైన సైజు పైపు వేయించడమే మేలు. అందాకా కూల్ డ్రింక్ డబ్బా రేకు సన్నగా కత్తిరించి పైపుకు ఒక్క చుట్టు చుట్టి దింపితే పట్టుకుంటుంది. అంచులు కోసుకుంటాయి, జాగ్రత్త! పిల్ల పొడుగైందని పైపును మరీ పైకి లాగకండి. దాని మీద హద్దు గీత ఉంటుంది, అది బయటికి కనపడకూడదు. కనపడితే పైపు వంగొచ్చు, ఫ్రేమే పగలొచ్చు.

కొత్త క్లిప్పు వేశాక వారానికోసారి నేనే నట్లు చూస్తున్నాను. గీత కదల్లేదు. పానా మటుకు వంటింటి సొరుగులో, అట్లకాడ పక్కన చేరింది. మా అత్తగారు దాన్ని చూసి రోజూ నవ్వుతూనే ఉన్నారు.