4096 అంటే ఎంత?

కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో ఇంకో కంప్యూటర్‌ను నడిపిస్తే దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. మా కాలేజీ ల్యాబ్‌లో పిల్లలకు సర్వర్ల పని నేర్పేది వీటి మీదే. దాన్ని మొదలుపెట్టేటప్పుడు ర్యామ్ ఎంత ఇవ్వాలో చెప్పాలి. చాలామంది తడబడేది అక్కడే. తప్పంతా పిల్లలదే అంటే నేనొప్పుకోను.

4096 అనే అంకెనే తీసుకోండి. క్యూఎము అనే సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే అవి మెగాబైట్లు, అంటే 4 జీబీ. వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఫైల్లో కొలమానం లేకుండా రాస్తే కిలోబైట్లు, అంటే 4 ఎంబీ. ఈనాటి లినక్స్ బూట్ కావడానికి అది చాలదు. ప్రోగ్రాములు నడిపే జావా వర్చువల్ మెషీన్‌కు గరిష్ఠ హీప్‌గా, అంటే ప్రోగ్రాము డేటాకు వాడుకోగల మెమరీగా ఇస్తే ఉత్త బైట్లు. మరీ తక్కువని అది మొదలవడానికే ఒప్పుకోదు. భూమి దస్తావేజులో కూడా అంతే, 40 అని మాత్రమే రాసుంటే ఏమనుకోవాలి? గుంటలైతే ఎకరం, సెంట్లయితే అర ఎకరం కూడా కాదు.

అందుకే మెషీన్ లేవకముందే పరీక్ష జరగాలి. ఇచ్చింది అంకేనా? కొలమానం ఉందా? కనీస పరిమితి దాటిందా? ఇచ్చిన అంకెలు ఒకదానికొకటి పొసగుతున్నాయా? జావాలో ఆరంభ హీప్‌ను గరిష్ఠ హీప్ కంటే ఎక్కువ పెడితే అది అక్కడే ఆగి, కారణం చెబుతుంది. క్యూఎము కూడా గరిష్ఠ ర్యామ్ ఆరంభ ర్యామ్ కంటే తక్కువైతే ముందుకు పోదు. మంచి పద్ధతి ఇదే.

అయితే ఈ పరీక్షకూ ఒక హద్దుంది. లినక్స్ మామూలుగా అడిగిన ర్యామ్ మొత్తాన్ని వెంటనే కేటాయించదు. వాడుతున్నకొద్దీ ఇస్తుంది. 8 జీబీ ఉన్న కంప్యూటర్‌లో 4 జీబీ మెషీన్లు మూడు పెట్టినా మూడూ లేచి కూర్చోవచ్చు. అన్నీ నిండుగా పనిచేయడం మొదలుపెట్టాక చోటు చాలక, లినక్స్ ఏదో ఒకదాన్ని అర్ధాంతరంగా చంపేస్తుంది. అప్పుడు పోయేది అందులో సేవ్ చేయని పని. కాబట్టి అసలు కంప్యూటర్‌కు ఎంత మిగులుతుందో మనమే లెక్క చూసుకోవాలి.

ప్రోగ్రాములు రాసేవాళ్లకు నా విన్నపం ఒకటే. 'చెల్లదు' అని ఊరుకోకండి. మీకు అందిన విలువ ఎంతో, కనీసం ఎంతుండాలో, గరిష్ఠంగా ఎంతవరకు ఇవ్వొచ్చో తెరమీద చూపించండి. నేర్చుకునేవాళ్లకు చెప్పేది కూడా ఒకటే. కొలమానం లేకుండా అంకె రాయకండి.