గొట్టం పలికే మంద్రం

ఖాళీ సీసా మూతిమీదుగా ఊదితే బొంగురు ధ్వని ఒకటి వెలువడుతుంది. మూతిలోని గాలి బరువుగాను, లోపలి గాలి స్ప్రింగుగాను పనిచేయడమే అందుకు కారణం. కారు డిక్కీలో అమర్చే సబ్‌వూఫర్ పెట్టెకు గొట్టం పెట్టడంలోని కిటుకూ ఇదే. ఈ పెట్టెల కొలతలకు 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ పద్ధతిగా లెక్క కట్టి చూపాడు.

ఆ లెక్కలో ఒక మెలిక ఉంది. 50 లీటర్ల పెట్టెకు 10 సెంటీమీటర్ల వ్యాసంగల గొట్టం పెట్టి, సెకనుకు 32 కంపనాలకు శ్రుతి చేయాలంటే సుమారు 39 సెంటీమీటర్ల పొడవు చాలు. 25కు దించాలంటే 68 కావాలి! సన్నని గొట్టమైతే పొట్టిదే సరిపోతుంది గాని, వేగంగా దూరే గాలి బుసకొడుతుంది.

శ్రుతి కుదిరినచోట స్పీకరు కోను దాదాపు కదలదు, పలికేది గొట్టమే. అసలు ప్రమాదం అంతకు దిగువన ఉంది. అక్కడ పెట్టెలోని గాలి కోనుకు ఆసరా ఇవ్వదు. అది హద్దుమీరి ఊగి, కాయిల్ దెబ్బతినవచ్చు. కనుక ఆ స్వరాలను ఆంప్లిఫయర్ వద్దనే వడగట్టాలి. పైగా, తలుపులు మూసిన కారులో మంద్రస్వరాలు వాటంతటవే బలపడతాయి. డిక్కీ అంతా గొట్టానికే అప్పగించనక్కరలేదు.