సరిహద్దు గ్రంథాలయాలకు ఉచిత ఈ-పుస్తకాలు

నాగరగెరె మొదలుకొని బాగేపల్లి, చింతామణి దాకా ఇంటి మాట తెలుగు, బడి చదువు కన్నడం అయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ ప్రాంతపు విద్యార్థికి తెలుగు పుస్తకం చేతికి అందడమే మొదటి చిక్కు. ఉచిత ఈ-పుస్తకాలు ఈ లోటును కొంతవరకు తీర్చగలవు. అయితే ఉచితంగా కనిపించే ప్రతి పుస్తకమూ గ్రంథాలయంలో చేర్చదగినది కాదు. ఈ భేదాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట హక్కుల సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం, దాని సవరణల ప్రకారం, రచయిత జీవించి ఉండగా అచ్చయిన రచనపై హక్కు ఆయన మరణించిన మరుసటి సంవత్సరం నుండి 60 ఏళ్లు ఉంటుంది. 1915లో గతించిన గురజాడ, 1919లో గతించిన కందుకూరి అట్లా అచ్చువేసిన రచనలు ఇప్పుడు అందరివీ. 1976లో గతించిన విశ్వనాథ రచనలపై హక్కు 2036 చివరిదాకా, 1983లో గతించిన శ్రీశ్రీ రచనలపై 2043 చివరిదాకా ఉంటుంది. మూలం వేరు, ముద్రణ వేరు అని కూడా గమనించాలి. వేమన పద్యాలు అందరివీ. నేటి పండితుడు వాటికి రాసిన వ్యాఖ్య, పీఠిక ఆయనవి. చింతామణి తాలూకాలోని కైవార నారాయణ తాతయ్య తెలుగు కీర్తనలకూ ఇదే సూత్రం.

ఇక వెతకవలసిన చోట్లు. తెలుగు వికీసోర్స్‌లో పుటల చిత్రాలతో సరిచూసి టైపు చేసిన పాఠాలు దొరుకుతాయి. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ కేంద్రంగా సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన పాత పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాటిలో హక్కు తీరనివీ కలిసి ఉన్నాయి కనుక అక్కడ ఉండడమే అనుమతి అనుకోరాదు. మైసూరు భారతీయ భాషా సంస్థ వారి భారతవాణి నిఘంటువులకు ఉపయోగపడుతుంది.

వెతకడంలో లిపి పెద్ద అడ్డంకి. పాత జాబితాలు చాలావరకు రోమన్ అక్షరాలలో ఎక్కాయి. దీర్ఘాన్ని కొందరు రెండక్షరాలతో, కొందరు ఒక్కదానితో రాశారు. త-ట, ద-డ, శ-స కలిసిపోయాయి. పైగా పాత ముద్రణలలో 'శతకం' కాక 'శతకము' అని ఉంటుంది. కాబట్టి ఒకే పేరును నాలుగైదు విధాల వెతకాలి. తర్వాత రచయిత పేరుతోనూ చూడాలి.

దొరికిన ప్రతిని అట్లాగే చేర్చరాదు. ముఖపత్రం, చివరి పుట, నడుమ పుటల వరుస చూడాలి. రచయిత, ముద్రణ సంవత్సరం, దొరికిన చోటు, హక్కు తీరిందనడానికి ఆధారం నమోదు చేయాలి. చిరునామా రాసుకుంటే చాలదు, ప్రతిని గ్రంథాలయపు కంప్యూటరులో దాచాలి. డిజిటల్ లైబ్రరీ సొంత చోటు మూతపడినప్పుడు పాత చిరునామాలు పనికిరాకుండా పోయాయి.

మన ప్రాంతానికి ఇంకొక ప్రయోజనం ఉంది. యూనికోడ్‌లో తెలుగు, కన్నడ అక్షరాల వరుసలు ఇంచుమించు సమాంతరంగా ఉంటాయి. అందుచేత టైపు చేసిన తెలుగు పాఠాన్ని కన్నడ లిపిలోకి మార్చడం కంప్యూటరుకు సులభం. స్కాన్ చేసిన బొమ్మను నేరుగా అట్లా మార్చలేము. తెలుగు మాట్లాడుతూ కన్నడం మాత్రమే చదవగల పిల్లవాడికి ఆ పాఠం వెంటనే అందుతుంది. రెండు లిపులనూ ఎదురెదురు పుటలలో ఇస్తే తెలుగు అక్షరాలూ క్రమంగా పట్టుబడతాయి. కనుక సేకరణను టైపు చేసిన పాఠాలతో, పది చిన్న పుస్తకాలతో మొదలుపెట్టడం మంచిది.