నడుమ విడిచిన వేసవి చదువులు

కార్యసాధన విషయంలో మనుషులను భర్తృహరి మూడు తరగతులుగా విభజించాడు. విఘ్నాలకు భయపడి పనిని ప్రారంభించనివారు అధములు. ప్రారంభించి, ఆటంకం ఎదురుకాగానే విడిచిపెట్టేవారు మధ్యములు. ఎన్ని విఘ్నాలు కలిగినా చేపట్టిన పనిని వదలనివారు ఉత్తములు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన ఆ పద్యం తెలుగు విద్యార్థులకు చిరపరిచితమే. వేసవి సెలవులలో కంప్యూటరు కోర్సులోనో, స్పోకెన్ ఇంగ్లీషు తరగతిలోనో చేరి మధ్యలో మానుకొన్న విద్యార్థిని పెద్దలు ‘ఆరంభశూరుడు’ అని మందలిస్తుంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని భర్తృహరి మనిషిని గురించి చెబుతూనే విఘ్నాన్ని కూడా పేర్కొన్నాడు. ఆ విఘ్నం ఏమిటో తెలుసుకోకుండా మనిషిని నిందిస్తే ఆ విచారణ సగంలోనే ఆగిపోయినట్లు అవుతుంది.

ఎలమంచిలి వంటి పట్టణాన్ని పరిశీలిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. చెన్నై–హౌరా రైలుమార్గం మీద ఉన్న ఈ పట్టణం పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. ఒకవైపు విశాఖ ఓడరేవు, ఉక్కు కర్మాగారం. మరొకవైపు సమీపంలోనే అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి. చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చి చదువుకొనే విద్యార్థుల ఆశలన్నీ ఈ ఉద్యోగావకాశాల చుట్టూ తిరుగుతుంటాయి. కంప్యూటరు పరిజ్ఞానం, ఇంగ్లీషులో మాట్లాడగల నేర్పు ఉంటే కొలువు దొరుకుతుందన్న నమ్మకంతో పరీక్షలు ముగియగానే వారు వేసవి కోర్సులలో చేరుతారు. ఆ ఆశ నిజమైనదే. దానికి అడ్డువచ్చే పరిస్థితులు కూడా అంతే నిజమైనవి.

వాటిలో మొదటిది కుటుంబ ఆదాయం. వేసవి విద్యార్థికి సెలవుకాలం. పల్లెలో చాలా కుటుంబాలకు అది పనికాలం, లేదా పనిలేని కాలం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు యంత్రపు పడవలతో సముద్రంలో చేపల వేట నిషిద్ధం. చేపలు గుడ్లుపెట్టే కాలంలో మత్స్యసంపదను కాపాడటానికి విధించిన నియమం అది. అయితే పూడిమడక వంటి మత్స్యకార గ్రామాలలో ఇంటికి రాబడి తగ్గే ఆ రెండు నెలలూ వేసవి కోర్సు జరిగే రెండు నెలలే. మొదటి వాయిదా రుసుము చెల్లించిన తండ్రికి రెండవ వాయిదా భారమవుతుంది. మెట్టభూములున్న ఊళ్ళలో ఇదే సమయంలో జీడిపిక్కలు ఏరే పని, మామిడి కోతలు సాగుతుంటాయి. కాలేజీ లేని పిల్లవాడిని ఇల్లు పనికి పిలవడం సహజం. ఆడపిల్ల విషయంలో ఈ పిలుపు మరింత గట్టిగా ఉంటుంది. వైశాఖ మాసపు పెళ్ళిళ్ళు, వచ్చిపోయే చుట్టాలు, చిన్నపిల్లల సంరక్షణ అన్నీ ఆమె వంతుకే వస్తాయి.

రెండవ కారణం కాలం, దూరం. ‘రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి’ అని సామెత. ఎండలో బస్సు కోసమో, పాసింజరు రైలు కోసమో నిరీక్షించి, గంట పాఠానికి మూడు గంటలు వెచ్చించవలసి వస్తే ఉత్సాహం క్రమంగా సన్నగిల్లుతుంది.

మూడవది పరీక్షల ఒత్తిడి. ఇటీవలి సంవత్సరాలలో ఇంటర్మీడియట్ ఫలితాలు ఏప్రిల్‌లో వెలువడుతున్నాయి. తప్పినవారికి, మార్కులు పెంచుకోదలచినవారికి సప్లిమెంటరీ పరీక్షలు మే నెలలో మొదలవుతున్నాయి. ఇంజనీరింగు, వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల ప్రవేశపరీక్ష కూడా మే నెలలోనే జరుగుతున్నది. ఫలితాలకు ముందు చేరిన కోర్సును ఫలితాల తరువాత కొనసాగించడం అందరికీ సాధ్యం కాదు.

ఈ కారణాలన్నీ బయటివి. మనస్సుకు సంబంధించిన కారణం మరొకటి ఉన్నది. జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరసముదాయాలను కంఠస్థం చేసి, వాటిని ఎంతకాలానికి మరచిపోతున్నదీ తనపైనే పరీక్షించుకొని, 1885లో ఆ ఫలితాలను ప్రకటించాడు. నేర్చినదానిలో అధికభాగం మొదటి రోజునే జారిపోతుందనీ, ఆ తరువాత మరపు నెమ్మదిస్తుందనీ ఆయన గుర్తించాడు. పునశ్చరణ లేకపోతే కొత్త విద్య నిలవదు. పెళ్ళికని నాలుగు రోజులు మానిన విద్యార్థిని తిరిగి వచ్చేసరికి పాత పాఠం మరపున పడుతుంది, కొత్త పాఠం ముందుకు పోతుంది. అడగడానికి సంకోచిస్తుంది. మరునాడు రావడానికి సిగ్గుపడుతుంది. పెళ్ళి ఆమెను నాలుగు రోజులే ఆపింది. శాశ్వతంగా ఆపినది సిగ్గు.

ఇంటివద్దనే ఉండి, రుసుము లేకుండా నేర్చుకోగలిగితే ఈ సమస్య తీరుతుందని కొందరు భావిస్తారు. భారత ప్రభుత్వం 2017లో ‘స్వయం’ వేదికను ప్రారంభించి కళాశాల పాఠాలను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. దానివల్ల దూరం తగ్గిన మాట నిజం. కాని అమెరికాలోని హార్వర్డ్, ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ కోర్సులను గురించి 2019లో ప్రచురితమైన ఒక పరిశీలన ఆలోచింపజేస్తుంది. 2017–18లో నమోదైనవారిలో వాటిని పూర్తిచేసినవారు సుమారు 3 శాతం మాత్రమే. రుసుము చెల్లించి ధ్రువపత్రం కోరినవారిలో మాత్రం ఆ సంఖ్య సగానికి కొంచెం తక్కువగా ఉన్నది. ఉచితంగా చేరినవారిలో కేవలం చూసిపోదామని వచ్చినవారూ ఉంటారు. అయినా ఒక విషయం స్పష్టం: చేరడం సులభమైనంత మాత్రాన పూర్తిచేయడం సులభం కాదు.

ఎలమంచిలికి సమీపంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక ఇందుకు భిన్నమైన మార్గాన్ని చూపుతుంది. అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కరంగులు అద్ది అక్కడ తయారుచేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ విద్య తరతరాలుగా పెద్దల పక్కన కూర్చొని నేర్చినది. అక్కడ చేతిలో పని కనబడుతుంది. తప్పును పక్కవారు వెంటనే దిద్దుతారు. ఒకరోజు రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవారు ఉంటారు. వేసవి తరగతులలో తరచు కొరవడేవి ఈ మూడే.

మధ్యలో మానడం వల్ల నష్టం రుసుముతో ఆగదు. కారణాన్ని గుర్తించని విద్యార్థి ‘నాకు చదువు అబ్బదు’ అని తనమీద తానే తీర్పు చెప్పుకొంటాడు. అక్క మానేసిన కోర్సుకు చెల్లెలిని పంపడానికి తల్లిదండ్రులు వెనుకాడుతారు. రెండు నెలల వైఫల్యం ఒక ఇంటి నిర్ణయాలను అనేక సంవత్సరాలపాటు శాసించవచ్చు.

కనుక చేరకముందే ఆలోచించడం మేలు. ఆ రెండు నెలలలో ఇంట్లో ఏ పనులున్నాయి? పరీక్షలు ఎప్పుడు? రాకపోకలకు ఎంత సమయం పడుతుంది? ఆగిపోతే తరువాతి జట్టులో కొనసాగే వీలున్నదా? మూడు కోర్సులకు బదులు ఒక్కటి ఎంచుకొని, ఊరిలోని స్నేహితులతో కలిసి వెళ్ళడం ఉత్తమం. శిక్షణ ఇచ్చేవారు కూడా ఉదయపు చల్లని వేళలో తరగతులు జరపడం, కోర్సును పదిహేను రోజుల చిన్న భాగాలుగా విభజించడం, రాలేకపోయినవారికి మళ్ళీ చెప్పడం అవసరం. మానిన విద్యార్థిని ఒక్కసారి పలకరించినా ఆ సిగ్గు తొలగిపోవచ్చు.

ఉత్తములకు విఘ్నాలు రావని భర్తృహరి చెప్పలేదు. పదేపదే వస్తాయనే చెప్పాడు. విఘ్నాన్ని ముందుగా గుర్తించి దానికి సిద్ధపడటం కూడా పట్టుదలలో భాగమే.

ప్రశ్నలు

1. వేసవి కోర్సులను మధ్యలో మానడానికి గల బాహ్య కారణాలను వివరించండి.
2. ‘శాశ్వతంగా ఆపినది సిగ్గు’ – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. ఏటికొప్పాక బొమ్మల తయారీని నేర్చుకొనే పద్ధతికి, వేసవి తరగతులకు గల భేదం ఏమిటి?
4. మీ ఊరిలో విద్యార్థుల వేసవి చదువుకు ఎదురయ్యే ఆటంకాలను గురించి పది వాక్యాలు రాయండి.