చలి తొలగకముందే పాదులకు నారు: పాలిథిన్ గూళ్ళలో మెళకువలు

వేసవి ఆరంభంలో సంతకు వచ్చే తొలి సొర, బీర, కాకర కాయలకు మంచి ధర పలుకుతుంది. ఆ ధర అందుకోవాలంటే జనవరిలోనే విత్తనం మొలకెత్తాలి. అయితే ఆదిలాబాద్ వంటి ఉత్తర తెలంగాణ ప్రాంతాలలో ఆ రోజులలో రాత్రి ఉష్ణోగ్రత తరచుగా 10 డిగ్రీల సెల్సియస్ కంటె దిగువకు పడిపోతుంది. నేల ఉష్ణోగ్రత 16 డిగ్రీలకు తగ్గితే పాదుజాతి విత్తనాల మొలక దాదాపు నిలిచిపోతుంది. 25 నుంచి 30 డిగ్రీల మధ్య చురుకుగా సాగుతుంది. చల్లని తడినేలలో మొలవని విత్తనం కుళ్ళిపోతుంది. ఖరీదైన సంకర విత్తనం కొన్న చిన్న రైతుకు విత్తనమూ పోతుంది, అదనూ తప్పుతుంది.

ఇంటివద్దనే కట్టుకొనగల పాలిథిన్ గూడు ఈ ఇబ్బందిని తీరుస్తుంది. మీటరు వెడల్పు మడిపై వంచిన వెదురు బద్దలను మీటరు ఎడంగా గుచ్చి, అర మీటరు ఎత్తున 30 నుంచి 50 మైక్రాన్ల పారదర్శక పట్టా కప్పి, అంచులను మట్టితో అదమాలి. పెరటి అవసరానికి అడుగు కోసిన రెండు లీటర్ల నీటి సీసా చాలును. పాదుజాతి మొక్కలు వేరు కదలికను సహించవు. కనుక మట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో నింపిన, అడుగున రంధ్రాలు గల సంచులలోనే విత్తాలి.

పగటి ఎండకు గూటిలోని నేల వేడెక్కుతుంది. రాత్రివేళ నేల వెలువరించే దీర్ఘతరంగ వికిరణాన్ని సాధారణ పాలిథిన్ చాలావరకు బయటకు వదలివేస్తుంది. పట్టా లోపలివైపు పేరుకొన్న నీటిపొర దానిని కొంత అడ్డుకొంటుంది. అందువలన మబ్బులేని రాత్రులలో పట్టాపై వరిగడ్డి లేదా గోనెసంచులు పరచాలి.

చలికి భయపడి మూసిన గూడే మధ్యాహ్నం నారుకు ప్రమాదకరం. ఎండ బాగా కాసినపుడు లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి లేత మొలకలు మాడిపోతాయి. నిలిచిన తేమలో నారుకుళ్ళు తెగులు ప్రబలుతుంది. ఎండ ఎక్కగానే రెండు చివరలు తెరచి, పొద్దు వాలకముందే మూయాలి. నీరు ఉదయమే, మితంగా ఇవ్వాలి. పగలంతా కూలికి వెళ్ళే కుటుంబానికి పట్టాకు ముందుగానే గాలి రంధ్రాలు చేసి ఇవ్వాలి. మూసి వెళ్ళిన ఒక్క మధ్యాహ్నం నెల శ్రమను తుడిచిపెట్టగలదు.

నాటడానికి వారం ముందునుంచి తెరచి ఉంచే సమయాన్ని క్రమంగా పెంచి నారును గట్టిపరచాలి. రెండు మూడు నిజ ఆకులు తొడిగిన నారును ఫిబ్రవరిలో చలి తగ్గగానే, వేరుముద్ద చెదరకుండా పొలంలో నాటాలి.

రాత్రులు వెచ్చగా ఉండే కోస్తా మండలాలలో ఈ శ్రమ అనవసరం. కనుక విస్తరణ శాస్త్రవేత్త సిఫారసు చేసేముందు గరిష్ఠ-కనిష్ఠ ఉష్ణమాపకాన్ని వారంపాటు మడివద్ద ఉంచి చూడడం మేలు. విద్యార్థులు ఒకే విత్తనాన్ని కప్పిన మడిలోను, కప్పని మడిలోను పక్కపక్కన విత్తి, మొలక శాతాన్నీ ఉష్ణోగ్రతలనూ రోజూ నమోదు చేస్తే, తేడా రైతు కళ్ళయెదుటనే తేలుతుంది.